ఉప్పలమ్మ వేలిముద్ర

పరీక్షలో మొదట వచ్చిన మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, రెండో మనిషిని పొగడటం మొదలుపెట్టారు పార్థసారథిగారు. సారలమ్మకు అక్కడే అనుమానం వచ్చింది.

"వెంకటేశ్వర్లు కూడా బాగా రాసినాడమ్మా. నీకంటే నాలుగు మార్కులే తక్కువ," అన్నారాయన కళ్ళజోడు తుడుచుకుంటూ. యూనివర్సిటీలో విదేశీ భాషల శాఖకు ఆయన పెద్ద. స్వతహాగా ఫ్రెంచి పండితుడు. సాయంత్రం పూట స్పానిష్ క్లాసు ఆయన అజమాయిషీలోనే నడుస్తుంది. పాఠం చెప్పేది మాత్రం ఫాదర్ మిగెల్ అనే ముసలి స్పెయిన్ దేశస్థుడు. సికింద్రాబాద్ నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చి, చెమటలు కక్కుతూ క్రియాపదాలు వల్లె వేయిస్తాడు. పదకొండుమందితో మొదలైన క్లాసు రెండేళ్ళకు నలుగురికి దిగింది. ఆ నలుగురిలో ఎమ్మే చదువుతున్న సారలమ్మ ఒక్కతే ఆడపిల్ల.

"సీటు నాదే గద సార్?"

"నీదే. కాదనటం లేదు. కానీ గ్రనాదా నుంచి వచ్చిన ఈ కాయితం సాంతం చదివినావా? చివరి పది రోజులు చూడు."

చదవకపోవడమేమిటి, సారలమ్మకు ఆ కాగితం కంఠతా వచ్చు. స్పెయిన్‌కు దక్షిణాన ఉన్న ఆ గ్రనాదా ఊళ్ళో రెండు నెలలు భాషా తరగతులు. రానుపోను విమానం, తిండి, బస అంతా వాళ్ళదే. ఆఖరున పది రోజులు విద్యార్థులు విడివిడిగా, వీపున సామాను కట్టుకుని, కొండదారుల్లో ఊరినుంచి ఊరికి నడవాలి. పొద్దుగూకిన చోట ఎవరింటి తలుపో తట్టి పడుకోవాలి. దారిలో విన్న మాటలన్నీ పుస్తకంలో రాసుకు రావాలి. క్లాసులో మిగతా ఇద్దరు ఆ పది రోజుల పేరు వినే దరఖాస్తు పెట్టలేదు. సారలమ్మ మాత్రం ఆ పది రోజుల కోసమే పెట్టింది.

"ఆడపిల్లవి. ఒక్కదానివే. భాష తెలియని దేశం," అన్నారు పార్థసారథిగారు.

"భాష తెలుసు గద సార్. అందుకే గదా మొదట వచ్చిన."

ఆయనకు నవ్వొచ్చింది గానీ మింగేశారు. "మీ ఇంటి పెద్దలు వచ్చి, నా ఎదురుగా సంతకం పెట్టాల. శుక్రవారం మధ్యాహ్నం లోపల. లేకపోతే వెంకటేశ్వర్లు పేరు పంపిస్తాను. ఆ రోజే టెలిగ్రాం పోవాల."

"వెంకటేశ్వర్లు వాళ్ల నాయన గూడ వచ్చి సంతకం పెడ్తడా సార్?"

"వాడు మగపిల్లోడు కదమ్మా," అన్నారాయన. కోపం లేదు, వెటకారం లేదు. సూర్యుడు ఏ దిక్కున పొడుస్తాడో చెప్పినంత మామూలుగా అన్నారు. సారలమ్మకు ఒళ్ళు మండింది అందుకే. వెటకారమైతే తిరిగి ఒక మాట అనవచ్చు. ఈ మనిషిని ఏమనాలి?

"మా నాయన లేడు సార్. అవ్వ ఉన్నది. ఏలిముద్ర ఏస్తది."

"వేలిముద్రైనా ఫరవాలేదు. మనిషి రావాల."

బయటికొచ్చి రాతి మెట్లు దిగేసరికి సారలమ్మ కోపం సగం దిగిపోయింది. మాణికేశ్వర్ నగర్ దారి పట్టేసరికి పూర్తిగా పోయింది. పార్థసారథిగారు ఏదో పెద్ద అడ్డుగోడ కట్టాననుకుంటున్నారు గానీ, అవ్వ వేలిముద్ర ఎంతసేపు? పదో తరగతికి వద్దనలేదు, బియ్యేకు వద్దనలేదు, సాయంత్రంపూట ఎవరికీ పనికిరాని భాష నేర్చుకుంటానంటే కూడా వద్దనలేదు. ఆ రోజు మంగళవారం. శుక్రవారం దాకా ఎందుకు, రేపే తీసుకొస్తే సరి అనుకుంది.

ఇంటికి వెళ్ళేసరికి తల్లి ఉప్పలమ్మ పొయ్యి ముందు జొన్నరొట్టె తడుతోంది. తెల్లవారుజామున హబ్సిగూడ తోటల్లో కూరలు కొని, గంప నెత్తిన పెట్టుకుని తార్నాక అంతా తిరిగి అమ్ముకొచ్చే మనిషి ఆమె. సాయంత్రానికి కాళ్ళు లాగుతాయి గానీ చేతులు మాత్రం ఊరుకోవు. కూతురు చెప్పిందంతా రొట్టె తిప్పుతూనే విన్నది.

"గాడ ఏం దింటరు?"

"రొట్టె, చేపలు."

"రొట్టెనే గదా. మంచిదే. నడుసుడు రోజుకు ఎంత?"

"పది పన్నెండు మైళ్ళు."

"గంతేనా?"

"ఒక్కదాన్నే నడవాలె అవ్వా. మా సారుకు గదే భయం."

"మరి నేనేమన్న ఫౌజును ఎంటవెట్టుకోని తిరుగుతున్ననా?" అని నవ్వింది ఉప్పలమ్మ. సారలమ్మకు కాళ్ళు నేలమీద ఆనలేదు. గ్రనాదా గోడలు కళ్ళముందు కనబడ్డాయి.

"బరువేమన్న ఉంటదా?"

"ఉంటది. బట్టలు, దుప్పటి, పుస్తకాలు. పది కిలోలు అనుకో."

ఉప్పలమ్మ చెయ్యి పెనం మీద ఆగింది. "ఎవలెత్తుతరు?"

"ఏంది ఎత్తేది?"

"బరువు, బిడ్డా. నెత్తిమీదికి ఎవలెత్తుతరు? మోసుడు పెద్ద పనేం గాదు. ఒక్కపారి నెత్తికెక్కితె ఎంత దూరమైన పోవచ్చు. కొండల మీద, మనిషి లేని కాడ, దించినవనుకో. మల్ల ఎత్తెటోళ్లు లేకుంటె గాడనే కూసుంటవా?"

"నెత్తిమీద కాదవ్వా. ఈపుకు కట్టుకునేది."

"ఈపుకు మాత్రం ఎవలు కడ్తరు? ఒకసారి హబ్సిగూడ గట్టు మీద కాలు జారి గంప దించిన. వాన. ఒక్క మనిషి రాలే. పొద్దు నెత్తిమీదికి వచ్చెదాక కూసున్న, కూరలన్ని మురిగినయి. మన ఊరు గనుక బతికిన. వద్దు బిడ్డా. పోతె పోయింది. గా పిలగాన్నే పోనీ."

పుట్టి బుద్ధెరిగాక అవ్వ నోట వద్దు అనే మాట సారలమ్మ వినలేదు. అదీ దీనికి. దొంగలని భయపడితే ధైర్యం చెప్పవచ్చు, నలుగురూ ఏమంటారో అంటే పోట్లాడవచ్చు. బరువు ఎవరెత్తుతారంటే ఏం చెప్పాలో తోచక ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. రొట్టె మాడింది. తల్లీకూతుళ్ళిద్దరూ ఆ మాడిన రొట్టే తిన్నారు.

బుధవారం పొద్దున్నే సారలమ్మ ఎన్‌సీసీ స్టోరుకు పోయింది. స్టోరు చూసుకునే లక్ష్మీనర్సయ్య సైన్యంలో పనిచేసి వచ్చినవాడు, మాణికేశ్వర్ నగర్‌లోనే ఉంటాడు. సిపాయిలు వీపున వేసుకునే కాన్వాసు సంచిని ఆయన పిట్టూ అంటాడు.

"పిట్టూ నీకెందుకమ్మా? యుద్ధానికి పోతున్నవా?"

"అసొంటిదే. మా అవ్వతోని."

ఆయన అటకమీంచి ఒక పిట్టూ తీసి, దుమ్ము దులిపి, అందులో నాలుగు ఇటుకలు వేసి నేల మీద నిలబెట్టాడు. "దానికి వీపు ఆనిచ్చి కూసో. రెండు చేతులు పట్టీలల్ల పెట్టు. ముందుకు వంగు. ఒక మోకాలు నేలకు ఆనిచ్చి లేవాలె. చేతుల బలంతోని కాదు, తొడల బలంతోని."

మొదటిసారి ముందుకు వంగబోయి వెనక్కి పడింది సారలమ్మ. వెల్లకిలా పడ్డ బొద్దింకలా కాళ్ళూ చేతులూ ఆడించింది. లక్ష్మీనర్సయ్య మీసాల చాటున నవ్వుకుని, తల పక్కకు తిప్పుకున్నాడు. మూడోసారికి మోకాలు ఆనింది. ఐదోసారికి లేచింది. పదోసారికి ఇటుకలున్నాయన్న సంగతే మరిచిపోయి స్టోరు చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసింది.

"శుక్రవారం పరేడ్ ఉన్నది. పొద్దుగాలనే తెచ్చియ్యాలె," అని రిజిస్టరులో సంతకం తీసుకున్నాడు ఆయన.

సాయంత్రం ఇంటిముందు గల్లీలో ఆ పిట్టూనిండా రాళ్ళు నింపింది సారలమ్మ. కట్టెలు కొడుతున్నవాళ్ళు గొడ్డళ్ళు పక్కన పెట్టారు. నల్లా దగ్గర బిందెలు నిండి కారిపోతున్నా ఎవరూ కట్టేయలేదు. ఆమె కూర్చుంది, చేతులు దూర్చింది, వంగింది, లేచింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు.

"మల్లొకపారి," అన్నది ఉప్పలమ్మ.

మళ్ళీ లేచింది. ఇంకోసారి అన్నది. ఇంకోసారీ లేచింది. అప్పుడు ఉప్పలమ్మ చీర కుచ్చెళ్ళు ఎగజెక్కి, కూతురిని పక్కకు జరిపి, తనే పిట్టూకు వీపు ఆనించి కూర్చుంది. పట్టీలు భుజాలకు పట్టాయో లేదో వేళ్ళతో తడిమి చూసుకుంది. ముందుకు వంగింది. మోకాలు ఆనించింది. గట్టిగా ఊపిరి పీల్చి లేచి నిలబడింది.

నిలబడి అటూ ఇటూ చూసింది. ఎవరో తన పక్కన ఉండాలి కదా, ఎక్కడున్నారన్నట్టు చూసింది. ఎవరూ లేరు. ఇరవయ్యేళ్ళలో మొదటిసారి, ఏ చెయ్యీ తగలకుండా బరువు లేచింది. ఆమె నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయింది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా నవ్వుతూనే ఉంది. అది చూసి గల్లీ అంతా నవ్వింది. సారలమ్మ కూడా నవ్వుతూ అవ్వ ఎదురుగా వచ్చి నిలబడింది.

"అయితె పోవచ్చా అవ్వా?"

"ఆగు. రేపు దీంట్లనే కూరలు తీస్కపోత. తిరిగొచ్చినంక చెప్త," అన్నది ఉప్పలమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

గురువారం తెల్లవారుజామున సారలమ్మ కూడా వెంట బయల్దేరింది. హబ్సిగూడ తోటలో కూరలు పిట్టూలో సర్దడానికే తల ప్రాణం తోకకొచ్చింది. గంపలో అయితే అన్నీ పైకి కనబడతాయి. ఇందులో ఏది పైన పెట్టినా ఇంకేదో కింద నలుగుతుంది. తోటకూర కట్టలు రెక్కలు ముడుచుకున్నాయి. పొడుగాటి సొరకాయ మెడ బయటికి పెట్టి దారంతా చూస్తూ వచ్చింది. టమాటాలు అడుగున వేసిన తెలివి సారలమ్మదే.

నడక మాత్రం భేష్. తలమీద గంప ఉంటే మెడ తిప్పకుండా, కొలిచినట్టు అడుగులేసే ఉప్పలమ్మ, ఆవేళ చేతులు ఊపుకుంటూ నడిచింది. కూతురు వెనక పరిగెత్తవలసి వచ్చింది. తార్నాకలో మొదటి గేటు శారదమ్మది. రోజూ "కూరలో" అన్న కేక వినగానే ఆమె చేతిలో పని ఆపి వస్తుంది. గేటు దగ్గర నిలబడి రెండు చేతులతో గంప దించుతుంది, బేరమయ్యాక మళ్ళీ ఎత్తుతుంది. ఆమేగాదు, తార్నాకలో ఎవరైనా అంతే. నెత్తిన బరువున్న మనిషి చెయ్యి పట్టమంటే, ఎంతటివాళ్ళైనా కాదనరు. ఆవేళ శారదమ్మ చేతులు చాచేలోపలే ఉప్పలమ్మ పిట్టూ దించి, తూచి, అమ్మి, మళ్ళీ తగిలించుకుని లేచింది. శారదమ్మ చేతులు అలా గాలిలోనే ఉండిపోయాయి.

"అప్పుడే పోతున్నావా ఉప్పలమ్మా?"

"అయిపాయె గదమ్మా," అన్నది ఉప్పలమ్మ.

చౌరస్తాలో కానిస్టేబులు పేరయ్య దూరంనుంచే బెత్తం చంకలో పెట్టుకుని రెండు చేతులూ ఖాళీ చేసుకున్నాడు. రోజూ అక్కడ ఆయన గంప దించుతాడు, ఉప్పలమ్మ ఒక్క నిమిషం మెడ తిప్పుకుంటుంది, మళ్ళీ ఎత్తుతాడు. ఆవేళ ఉప్పలమ్మ ఆగనే లేదు. చెయ్యూపి దాటిపోయింది. రోజూ పదకొండుదాకా పట్టే తిరుగుడు తొమ్మిదికే ముగిసింది.

సారలమ్మ లోపల్లోపల గంతులు వేస్తోంది. ఇంకేం కావాలి? మోత తేలిక, నడక తొందర, ఎత్తే చెయ్యి అక్కర్లేదు. కానీ అవ్వ ముఖంలో నవ్వు లేదు. నల్లా గద్దె మీద కూర్చుని, కాళ్ళు కడుక్కుని, నలిగిపోయిన టమాటాలు ఒక్కొక్కటే బయటికి తీస్తోంది.

"మంచిగ లేదా అవ్వా?"

"మంచిగనే ఉన్నది. బరువే తెలుస్తలేదు."

"మరి ఏంది?"

"శారదమ్మ కోడలుకు కాన్పు అయిందో లేదో తెల్వలే," అన్నది ఉప్పలమ్మ. ఇంకో టమాటా తీసి, "పేరయ్యకు మోకాలు ఎట్లున్నదో. నిన్న కుంటిండు," అన్నది.

"అడగకపోయినవా?"

"అడిగెతందుకు ఆగితె గద. ఎత్తుమంటె వాళ్లు నిలవడుతరు. నిలవడితె ముచ్చట అయితది. ఎత్తెటప్పుడు మొకం మొకం దగ్గరికి వస్తది బిడ్డా, అప్పుడు ఏదో ఒకటి చెప్తరు. ఇయ్యాల ఒక్కలు ఏం చెప్పలే. నేను ఏం అడగలే. కూరలు అమ్మిన, వచ్చిన." పిట్టూ పట్టీని వేలితో పైకి లేపి వదిలేసింది. "నువ్వు గాడికి ఎందుకు పోతున్నవ్?"

"మాటలు నేర్సుకోనీకె."

"ఇది ఏస్కోని పోతె నీతోని ఎవలు మాట్లాడ్తరే?"

క్లాసులో నలుగురిలో మొదట వచ్చిన మనిషి, నల్లా గద్దె ముందు నోరు వెళ్ళబెట్టి నిలబడింది. మొన్న పిట్టూ లేదని వద్దన్నది, ఇవాళ పిట్టూ ఉన్నదని వద్దంటుందా? రేపటితో గడువు సరి.

ఉప్పలమ్మ టమాటాలన్నీ తీసి, మంచివి ఒకవైపు, చెడ్డవి ఒకవైపు వేరు చేసింది. ఆ తరవాత అడిగింది. "జర చెయ్యి పట్టుమని గాల్ల భాషల ఎట్లంటరు?"

"మె అయూదా?"

"మె అయూదా," అన్నది ఉప్పలమ్మ. ఇంకోసారి అన్నది. కూతురు తప్పు పట్టలేనంత శుభ్రంగా అన్నది. "పో బిడ్డా. ఏలిముద్ర ఏస్త. గని ఒక్క ఒట్టు పెట్టు. నీయంతల నువ్వు లేవగలిగినా సరే, రోజుకొక్కపారి ఎవలినన్న చెయ్యి పట్టుమని అడుగాలె."

సారలమ్మ అవ్వ తడి చేతిలో చెయ్యి వేసింది. తరవాత అవ్వను వాటేసుకుంది, టమాటా రసం ఇద్దరికీ అంటింది.

శుక్రవారం పొద్దున్నే పిట్టూ లక్ష్మీనర్సయ్యకు చేరింది. లోపల టమాటా వాసన ఎందుకొస్తోందని ఆయన అడిగితే సారలమ్మ వినబడనట్టు నడిచిపోయింది. తార్నాక తిరుగుడు సగంలో ఆపి, పదింటికే ఉప్పలమ్మ గంపతోనే కాలేజీకి వచ్చింది. గుమ్మంలో అటెండరు గంప కింద పెట్టి పొమ్మన్నాడు. "దించినంక ఎత్తుతవా?" అని అడిగితే, గంప లోపలికి పోవటమే మేలనుకుని పక్కకు తప్పుకున్నాడు.

పార్థసారథిగారు తలెత్తేసరికి గదిలో మొదట గంప కనబడింది, తరవాత మనిషి. పక్కనే నిలబడ్డ సారలమ్మ గంప దించబోయింది. ఉప్పలమ్మ కళ్ళతోనే వద్దన్నది. తిన్నగా ఆయన వైపు చూసి అడిగింది.

"సారూ, మె అయూదా?"

ఆయన కలం ఆగింది. ఫ్రెంచి చదివిన మనిషికి ఆ మాట అర్థం కావటానికి క్షణం చాలు. కుర్చీ వెనక్కి నెట్టి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, గంప అంచు పట్టుకున్నారు. బరువు చేతుల్లోకి దిగగానే ఆయన మోచేతులు కిందికి జారాయి. "ఇంతుందేంటమ్మా," అన్నారు.

"సగం అమ్ముడువోయింది సారూ. పొద్దుగాల అయితె ఇంకింత."

గంప నేలకు చేరింది. ఆయన కోటు చేతులు ఆకుకూరల తడికి తడిసిపోయాయి. కుర్చీ చూపించినా ఉప్పలమ్మ కూర్చోలేదు. ఆయన కాగితం తిప్పి పెట్టి, సిరా పెట్టె తెరిచారు గానీ ముందుకు జరపలేదు. "అమ్మా, అంతా తెలిసే వేస్తున్నావా? పది రోజులు ఆ పిల్ల కొండల్లో ఒక్కతే తిరగాల. నీకు భయం లేదా?"

"ఉన్నది సారూ," అన్నది ఉప్పలమ్మ. "గని ఇరువై ఏండ్ల సంది నేను ఒక్కదాన్నే తిరుగుతున్న అనుకున్న. నిన్న తెలిసింది. ఒక్కదాన్నే తిరిగింది నిన్న ఒక్కదినమే. అంతకుముందు ఇంటికొక్కలు చెయ్యి పట్టిన్రు. ఈమె గూడ అడుగుత అన్నది. గాడ మాత్రం మనుషులు ఉండరా?"

ఆయనకు నిన్నటి సంగతి తెలియదు. అయినా తడిసిన తన చేతులకేసి ఒకసారి చూసుకుని, సిరా పెట్టె ముందుకు జరిపారు. ఉప్పలమ్మ బొటనవేలు కొంగుకు తుడుచుకుని, సిరాలో అద్ది, కాగితం మీద నొక్కింది. వేలు తీశాక ఆయన అద్దుడు కాగితం పెట్టి, ముద్ర చెదరకుండా మెల్లగా ఒత్తారు. గుమ్మంలో నిలబడ్డ అటెండరుతో, "టెలిగ్రాం ఫారం తీసుకురా. సారలమ్మ పేరు," అన్నారు. సారలమ్మకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఏది ముందు రానివ్వాలో తెలియక అవ్వ కొంగు పట్టుకుంది.

ఉప్పలమ్మ గంప దగ్గరికి నడిచింది. ఈసారి అడగనక్కర లేకపోయింది. పార్థసారథిగారు అప్పటికే వంగి అంచు పట్టుకున్నారు.

"ఆగు సారూ. నువ్వు ముందు లేపితె కూరలు నా మీదికి వస్తయి. ఇద్దరం ఒక్కపారి లేపాలె," అన్నది ఉప్పలమ్మ.

ఇద్దరూ ఒక్కసారి లేపారు. గంప ఆమె తలమీద కుదురుకుంటుండగా, రెండు ముఖాల మధ్య ఆకుకూర కట్టలు ఊగాయి. ఆయన ఒక కట్టను చెదరకుండా లోపలికి సర్దుతూ ఆగిపోయారు.

"దీన్ని మీరేమంటారమ్మా?"

"పుంటికూర సారూ."

"మా అమ్మ గోగాకు అనేది," అన్నారు పార్థసారథిగారు. "నంద్యాల దగ్గర చిన్న పల్లె మాది. ఇంటెనక మడి ఉండేది. కట్టలు కట్టి సంతకు పోయేది. నేను గట్టుదాకా పోయి బుట్ట ఎత్తేవాణ్ణి. ఆ మాట నోట వచ్చి ఎన్నేండ్లయిందో."

"ఇప్పుడు అమ్మ ఏడ ఉన్నది సారూ?" అని అడిగింది ఉప్పలమ్మ. నెత్తిన గంప ఉన్నా ఆమెకు తొందరేమీ లేదు.

ఆయన చెప్పసాగారు. అటెండరు ఫారం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. రెండేళ్ళుగా ఈ శాఖలో చదువుతున్నా, ఆయనది ఏ ఊరో సారలమ్మకు తెలియనే తెలియదు. ఆమె సంచిలోంచి గ్రనాదాకని కొనుక్కున్న కొత్త నోటుపుస్తకం తీసి, మొదటి పేజీ తెరిచి, గోగాకు అని రాసుకుంది.